నాలుగింటి ముక్కు

ముక్కుగారికి ఈ లోకంలో ఉన్నది ఒక్కటే పిచ్చి. పైపు పొగాకు ఎక్కడ కనిపించినా చిటికెడు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అందులో ఏయే వాసనలు దాక్కున్నాయో పైకి చదవాలి. లోలోపల చదువుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. వీధి చివర బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా చదవాలి. రోజూ సాయంత్రం సరిగ్గా నాలుగింటికి, ఒకే కొట్లో, పదకొండు జాడీలూ వరసగా చదవాలి. ఆ వీధిలో ఇల్లాళ్ళు గడియారం చూడడం మానేసి, ఆయన గొంతు వినగానే కాఫీకి నీళ్ళు పడేసేవారు.

అంత పేరు మోసిన ముక్కు ఎలా ఉంటుందో చూద్దామని వచ్చినవాళ్ళు మాత్రం ఉసూరుమనేవారు. అది కోటేరు లాంటి ముక్కు కాదు, చిలక ముక్కూ కాదు. ఊడిపోయిన చొక్కా గుండీని తెచ్చి మొహం మధ్య కుట్టినట్టు ఇంతే ఉండేది. కళ్ళజోడు దాని మీద నిలవలేక గంటకి ఇరవైసార్లు జారేది, ఆయన గంటకి ఇరవైసార్లు పైకి తోసేవారు. అసలు పేరు పింఛను కాగితాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. వీధిలో ఎవరికీ తెలియదు, ఎవరికీ అవసరమూ పడలేదు.

నలభై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. ఇతరుల తప్పులు వెతకడానికి జీతం తీసుకున్నవాడు జీతం ఆగిపోతే ఏం చేస్తాడు? జీతం లేకుండా వెతుకుతాడు. హోటలు బోర్డులు దిద్దారు, మందు సీసాల మీద చీటీలు దిద్దారు. ఒకసారి తనకి వచ్చిన శుభలేఖని ఎర్ర సిరాతో దిద్ది పెళ్ళికూతురి తండ్రికి తిరుగు టపాలో పంపించారు. తమరు పెళ్ళికి రానక్కర్లేదని ఆ తండ్రి మండిపడుతూ ఒక కార్డు రాశాడు. దాన్ని కూడా దిద్ది పంపించారు.

పొగాకు పిచ్చి మాత్రం మూడేళ్ళ కిందటే పట్టుకుంది. అంతకుముందు ఆయన ఆ కొట్టుకి వచ్చేది కాఫీ కోసం, యజమానితో కబుర్ల కోసం. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. ఉన్నట్టుండి ఒక సాయంత్రం ఖాళీ పైపొకటి నోట్లో పెట్టుకుని వచ్చి, మొదటి జాడీ మూత తీశారు. ఆ పైపుని ఆయన వెలిగించగా చూసినవాడు లేడు.

"ఎప్పుడూ వెలిగించరేం బాబాయిగారూ?" అని అడిగింది అమ్మడు ఒకసారి.

"నేను తీర్పు చెప్పేవాణ్ణమ్మా. జడ్జీగారు ముందు తనే ఓ దొంగతనం చేసి చూసి, తర్వాత తీర్పు చెబుతాడా?" అన్నారు ముక్కుగారు.

అమ్మడు ఆ కొట్టు యజమానికి ఒక్కగానొక్క కూతురు. ముప్పై నాలుగేళ్ళొచ్చినా ఇంటికీ వీధికీ అమ్మడే. ముందు గదిలో బల్ల వెనక కూర్చుని, ఇత్తడి త్రాసులో తూచి, డబ్బాల్లో నింపి ఇస్తుంది. మనిషి చురుకు, నోరు అంతకన్నా చురుకు. వెనక గదిలో, ఆకుపచ్చ తెర అవతల, వాళ్ళ నాన్న పొగాకు కలుపుతారు. కలపడమంటే రెండు గుప్పెళ్ళు ఇటు, రెండు గుప్పెళ్ళు అటు వెయ్యడం కాదు. తియ్యటి ఆకొకటి, ఘాటాకొకటి, కట్టెల పొగలో ఆరిన నల్లాకొకటి. వీటిని పాళ్ళు చూసి కలిపి, ఎండుద్రాక్ష రసమో అతిమధురం నీళ్ళో చిలకరించి, ఆవిరి పట్టి, అచ్చులో నొక్కి, మళ్ళీ విడదీసి ఆరబెట్టాలి. ఏ పాలు ఎక్కువైందో, ఏది తక్కువైందో ముక్కే చెప్పాలి. ఆ ఇంటివాళ్ళది మూడు తరాలుగా పేరున్న ముక్కు. అలాంటి చోటికి ఒక ప్రూఫ్ రీడరు వచ్చి వాసనలు చెప్పడమంటే, అమ్మడి దృష్టిలో హనుమంతుడి ముందు కుప్పిగంతులే.

ఆ కుప్పిగంతులు ఇలా ఉండేవి.

"మూడో నంబరు!" అని మూత తీసేవారు ముక్కుగారు. "ఎండుద్రాక్ష, బాగుంది. కొత్త చెప్పుల జోడు, బాగుంది. ఆఁ! వెనకాల తడిసిన గొడుగు! ఆరబెట్టకుండానే మడిచి మూల పెట్టేశారు!"

"మా ఇంట్లో గొడుగు లేదు," అనేది అమ్మడు.

"ఆరో నంబరు! అబ్బబ్బ! పిలవని చుట్టం వచ్చి నట్టింట్లో పడక్కుర్చీ వేసుకున్నాడు. ఇంట్లోవాళ్ళకి కూర్చోడానికి చోటు లేదు!"

"అవునండీ, రోజూ నాలుగింటికి వస్తాడు."

"తొమ్మిదో నంబరు! ఇది అత్తగారి పలకరింపు. ఎదురుగా ఉన్నంతసేపూ తియ్యన. ఇంటికెళ్ళి పడుకున్నాక తెలుస్తుంది ఏమందో!"

తెర అవతల నుంచి నాన్న కసురుకునేవారు. "వినబడింది లేరా! చెవుడు లేదు నాకు!"

కొట్లో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వేవారు. కొందరు ఆ వినోదం కోసమే నాలుగింటికి వచ్చేవారు. కానీ వినోదానికి వచ్చినవాళ్ళు పొగాకు కొనరు, కొనడానికి వచ్చినవాళ్ళని ముక్కుగారు కొననివ్వరు. పళ్ళ డాక్టరు సంగతే చూడండి. పదేళ్ళుగా నాలుగో నంబరు తప్ప ముట్టని మనిషి. ఒకరోజు డబ్బా తీసుకుని సంచీలో వేసుకోబోతుంటే ముక్కుగారు చెయ్యి పట్టుకున్నారు.

"వద్దు డాక్టరుగారూ. ఇవాళ ఇందులో మూసేసిన బడి ఉంది. సెలవులకి మూసి, వానలొచ్చినా తెరవని బడి. రేపు రండి, తెరిపిస్తాం."

డాక్టరు డబ్బా బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయాడు. అమ్మడు ఆ సాయంత్రం నాన్నతో పోట్లాడింది. "ఆయన మీ స్నేహితుడో, పక్క వీధి పొగాకు కొట్టు వాడి ఏజెంటో నాకు అర్థం కావడం లేదు!" మర్నాడు డాక్టరు వచ్చి అదే నాలుగో నంబరు కొని, "ఇవాళ దివ్యంగా ఉంది" అని వెళ్ళిన సంగతిని మాత్రం అమ్మడు లెక్కలోకి తీసుకోలేదు. మంచి కోపం మీదున్నప్పుడు దాన్ని పాడుచేసే సాక్ష్యం ఎవరూ వినరు.

ఈ మనిషి బండారం బయటపెట్టాలని అమ్మడు కంకణం కట్టుకుంది. వాళ్ళింట్లో కాఫీ పెట్టేది ముక్కుగారి కోసమే, ఇంటివాళ్ళందరూ టీ. వారం రోజుల టీ పిప్పి పోగుచేసి, ఎండబెట్టి, కాస్త బెల్లం నీళ్ళు చల్లి, ఖాళీ జాడీలో పోసింది. పన్నెండో నంబరు అని చీటీ అంటించింది. వీధిలో పనిలేనివాళ్ళందరికీ కబురు పెట్టింది.

నాలుగయింది. ముక్కుగారు మూత తీశారు, పీల్చారు, కళ్ళు మూసుకున్నారు. "ఆహా! కొండగాలి. పాత ఉత్తరాల కట్ట. ఎవరో పెద్దమనిషి రైల్లో మర్చిపోయిన శాలువా..." అలా తొమ్మిది వాసనలు చెప్పారు. తొమ్మిదోది చెప్పేసరికి జనం బల్ల పట్టుకుని నవ్వుతున్నారు.

"బాబాయిగారూ, అది టీ పిప్పి," అంది అమ్మడు తీరిగ్గా.

ముక్కుగారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "అదే నేనూ చెప్పబోతున్నాను. ఇందులో పొగాకు పాలు కొంచెం తగ్గింది."

ఆ ముక్క వీధిలో నెల రోజులు తిరిగింది. పలచటి మజ్జిగ పోసినా, జీతం కోసినా, "పొగాకు పాలు కొంచెం తగ్గింది" అనుకునేవారు. ముక్కుగారు మాత్రం మర్నాడు నాలుగింటికి యథాప్రకారం హాజరు. సిగ్గు అనే సరుకు ఆ మనిషిని తయారుచేసేటప్పుడు స్టాకు అయిపోయి ఉంటుందని అమ్మడు తేల్చుకుంది.

ఇలా ఉండగా క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. ఊళ్ళో రిటైరైన పెద్ద ఆఫీసర్లందరూ సభ్యులుగా ఉన్న క్లబ్బది. పుస్తకాల గదిలో కూర్చుని తాగడానికి తమకంటూ ప్రత్యేకంగా ఒక పొగాకు కలిపించుకోవాలని వాళ్ళు తీర్మానం చేసుకున్నారు. వచ్చే గురువారం కార్యదర్శిగారు స్వయంగా వస్తారు, తన కళ్ళెదుట కలపాలి, అక్కడే తాగి చూసి నచ్చితే ఒప్పందం. పైపు తాగేవాళ్ళు ఏటా తగ్గిపోతున్నారు. కొందరు మానేసి తగ్గుతున్నారు, కొందరు పోయి తగ్గుతున్నారు. క్లబ్బు పని దొరికితే కొట్టు నిలబడుతుంది. దొరక్కపోతే మూడు తరాల బోర్డు దింపి ఏ సెల్‌ఫోన్లవాడికో గది అద్దెకివ్వాలి.

అమ్మడు ఆలోచించింది. కార్యదర్శి కూర్చుని ఉండగా ఈయన వచ్చి పిలవని చుట్టం, తడిసిన గొడుగు అని కేకలు పెడితే అంతే సంగతులు. ఆ శుక్రవారం నాలుగింటికి ఆమె గుమ్మంలోనే ఎదురెళ్ళింది.

"బాబాయిగారూ, గురువారం అయ్యేదాకా మీరు రావద్దు."

"మీ నాన్నకి తెలుసా?"

"నాన్నే చెప్పమన్నారు," అని పచ్చి అబద్ధం ఆడింది అమ్మడు.

ముక్కుగారు పైపు నోట్లోంచి తీసి జేబులో పెట్టుకున్నారు. ఒక్క జాడీ మూతైనా తియ్యకుండా, ఒక్క వాసనైనా చెప్పకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. ఆ రోజు వీధిలో చాలా ఇళ్ళలో కాఫీ ఆలస్యమైంది.

పీడ విరగడైందని అమ్మడు ఊపిరి పీల్చుకుంది. శనివారం నాన్న తెర తొలగించి అడిగారు. "వాడు రాలేదేమే?"

"జలుబట."

నాన్న మొహం పాలిపోయింది. "జలుబా! ఎన్నాళ్ళట?"

"జలుబుకి ఎన్నాళ్ళేమిటి నాన్నా, ఆయనకి జలుబు చేస్తే మీరెందుకు అలా అయిపోతారు?"

నాన్న తెర వేసుకున్నారు. ఆదివారం వాడికి మిరియాల కషాయం పంపించమన్నారు. సోమవారం మళ్ళీ అడిగారు. మంగళవారం పళ్ళ డాక్టరు డబ్బా పట్టుకుని వచ్చాడు. "అమ్మడూ, నిన్న ఇది వెలిగిస్తే మా ఆవిడ ఇల్లు తగలబడుతోందనుకుని బక్కెట్టుతో నీళ్ళు పోసింది. పైపు మీద కాదు, నా మీద." ఆ వెనకే ఇంకో ముగ్గురు వచ్చారు. ఒకరి పొగాకు అంటుకోలేదు, ఒకరిది ఆరలేదు, మూడో ఆయన ఏమీ చెప్పకుండా డబ్బా బల్ల మీద పెట్టి నాలుక చూపించాడు.

బుధవారం పొద్దున అమ్మడు సంగతేమిటో కనుక్కుందామని వెనక గదిలోకి వెళ్ళింది. నాన్న రేపటి కోసం ముందుగా ఓసారి కలిపి చూద్దామని ఆకు పరిచి, సీసాలోంచి ద్రాక్షరసం చిలకరిస్తున్నారు. గుమ్మంలోనే అమ్మడి కళ్ళు భగ్గుమన్నాయి.

"నాన్నా! అది వెనిగరు! పళ్ళేలు తుడిచే వెనిగరు!"

నాన్న చెయ్యి ఆగిపోయింది. రెండు సీసాలూ ఒకటే రంగు, చీటీ ఊడిపోయింది. ఆయన సీసాని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. పీల్చారు. ఇంకోసారి గట్టిగా పీల్చారు. అమ్మడికి అంత దూరంలో దగ్గొస్తోంది.

"అవునా?" అన్నారు నాన్న.

అమ్మడు స్టూలు మీద కూలబడింది. నాన్న సీసా కింద పెట్టి, చేతులు తుడుచుకుని, తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డారు.

"మూడేళ్ళయిందే. ఆ పాడు జ్వరం వచ్చింది చూడు, దాంతో పాటే పోయింది. మెల్లిగా అదే వస్తుందన్నాడు ఆసుపత్రి డాక్టరు. రాలేదు. నాకిప్పుడు సబ్బు ముక్కా జామపండూ ఒకటే."

"అమ్మకి తెలీదా?"

"మీ అమ్మకి చెప్పేకంటే వీధిలో దండోరా వేయించడం నయం."

తెలియకపోవడమే కాదు, ఈ మూడేళ్ళుగా తన వంటకి ఆయన వంక పెట్టడం మానేశారని, తన చేతికి కొత్తగా అమృతం వచ్చిందని అమ్మ ఊరంతా చెప్పుకుంటోంది. అమ్మడికి ఆ ముక్క గుర్తొచ్చి, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మరి ఈ మూడేళ్ళూ పొగాకు కలిపిందెవరు?"

"నేనే. చెయ్యి నాది, ముక్కు వాడిది." నాన్న తెర వైపు చూపించారు. "తడిసిన గొడుగంటే ఆకులో తేమ ఎక్కువైందని. పిలవని చుట్టమంటే నల్లాకు. అత్తగారి పలకరింపంటే ఘాటాకు వెనకనుంచి తగులుతోందని. మూసేసిన బడంటే పాత ఆకు ముక్కిపోయింది, మొత్తం పారెయ్యమని. వాడు అక్కడ అరుస్తాడు, నేనిక్కడ సరిచేస్తాను."

"అరవడమెందుకు? లోపలికొచ్చి చెవిలో చెప్పొచ్చుగా?"

"నేనూ అదే అన్నాను. రోజూ లోపలికొచ్చి గుసగుసలాడితే నాలుగో రోజుకి మీ అమ్మాయే పట్టేస్తుందన్నాడు. 'నన్ను పిచ్చివాడనుకుంటే ఏం పోతుందిరా, నాలుగు నవ్వులు నవ్వుకుంటారు. నీకు ముక్కు లేదని తెలిస్తే రేపట్నుంచి నీ జాడీ మూత ఎవడు తీస్తాడు?' అన్నాడు. నలభై ఏళ్ళు చేసిన పని అదే కదే వాడు. పుస్తకం బాగుంటే పేరు రాసినవాడిది, తప్పుంటే తిట్లు ప్రూఫ్ రీడరువి."

అమ్మడికి సిగ్గేసింది. తొమ్మిది వాసనలు చెబుతున్న మనిషి చుట్టూ జనాన్ని పోగేసి నవ్వించిన సాయంత్రం గుర్తొచ్చింది. ముందు వెనిగరు పళ్ళెం కడిగేసింది, తర్వాత తన అబద్ధం నాన్నకి చెప్పేసింది. తిట్లు తినేసి చెప్పులేసుకుంది.

ముక్కుగారింటి తలుపు ఆయన అక్కగారు తీశారు. "రామ్మా. వారం రోజులుగా మనిషి ఎంత తేటపడ్డాడో చూడు! మూడేళ్ళుగా నాలుగింటికి పోవడం, ఆరింటికి తలనొప్పి పట్టుకొచ్చి తడిగుడ్డ కట్టుకు పడుకోవడం. వీడికి చిన్నప్పట్నుంచీ పొగాకు పడదు. ఎవరేనా పక్కన చుట్ట వెలిగిస్తే వాంతి చేసుకునేవాడు."

లోపల ముక్కుగారు బల్ల ముందు కూర్చుని ఉన్నారు. బల్లనిండా అగ్గిపెట్టెలు. ఒకదాంట్లో లవంగం, ఒకదాంట్లో తోలు ముక్క, ఒకదాంట్లో కాలిన తాడు, తుప్పు మేకు, నారింజ తొక్క. ఒక్కో పెట్టె మీదా ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీ. "నా లవంగాలన్నీ వీడి చదువుకే," అని గొణిగి అక్కగారు లోపలికి వెళ్ళారు.

"బాబాయిగారూ, నాన్న చెప్పమన్నారని అబద్ధం చెప్పాను," అంది అమ్మడు.

"తెలుసమ్మా. నేను రావద్దంటే మీ నాన్న మొహం మీదే తిడతాడు గానీ కబురు పంపడు."

"తెలిసీ ఎందుకు రాలేదు మరి?"

ముక్కుగారు కళ్ళజోడు పైకి తోసుకుని, ఒక అగ్గిపెట్టె తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు. "టీ పిప్పి."

"అయ్యో, ఆ మాట ఇంకా..."

"తెలిసే అన్నట్టు దబాయించాను కదా? తెలీలేదమ్మా. నిజంగానే తెలీలేదు. ఆ రోజు నాకు జలుబు. నా ముక్కు అంత గొప్పదేం కాదు, చదివి తెచ్చుకున్న ముక్కు. నువ్వు రావద్దనగానే నాకూ అదే అనిపించింది. రేపు ఆ కార్యదర్శి ముందు నేనొక్క తప్పు చెబితే, మీ నాన్న బతుకు బజారున పడుతుంది."

అమ్మడు తోచిందే అనేసింది. "మీ ముక్కు నూటికి అరవై పాళ్ళు కరెక్టు అన్నారు నాన్న. సున్నా కంటే అరవై నయమన్నారు."

ముక్కుగారు తటాలున లేచారు. "అరవయ్యా? వాడి మొహం! డెబ్బై అయిదు! ఎన్నింటికి వస్తాడా కార్యదర్శి?"

గురువారం పదకొండింటికి వచ్చాడు కార్యదర్శి. ఇస్త్రీ మడత నలగకుండా కూర్చోవడం ఎలాగో తెలిసిన మనిషి. మీసంలో వెంట్రుకలు కూడా హాజరు పట్టీ ప్రకారం నిలబడ్డాయి. నాన్న పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టి కలపడం మొదలుపెట్టారు. చేతులకి ముప్పై ఏళ్ళ వాడుక, ఆకుని వాటంతటవే విడదీస్తున్నాయి. అప్పుడు ముక్కుగారు ఏమీ ఎరగనట్టు లోపలికొచ్చి, పళ్ళెం మీదికి వంగి, పీల్చారు.

"ఆహా! పిలవని చుట్టం! ఇంకా రాలేదు, గేటు తీస్తున్నాడు!"

నాన్న నల్లాకు ఒక చిటికెడు తీసేశారు. కార్యదర్శి మీసం కదిలింది. "ఎవరీయన?"

"పిచ్చాయన సార్, పట్టించుకోకండి," అంది అమ్మడు. మూడేళ్ళుగా అలవోకగా అన్న మాటని ఈసారి త్రాసుకేసి చూస్తూ అంది.

"అయితే బయట ఉండమనండి. నేను పనిమీద వచ్చాను."

ముక్కుగారు బయటికి పోవలసి వచ్చింది. పోయి, వీధివైపు అద్దానికి అతుక్కుపోయారు. ఉన్న కాస్త ముక్కూ అద్దానికి నొక్కుకుని లేకుండా పోయింది. నాన్న ద్రాక్షరసం చిలకరించి, ఆకుని చేత్తో తిరగేసి, ఆగిపోయారు. ఇక ముందు ఏం చెయ్యాలో చెయ్యి చెప్పలేదు. అమ్మడు అర్థం చేసుకుని, "వెలుతుర్లో రంగు చూసొస్తాను" అని చిటికెడు పట్టుకుని గుమ్మం దాకా పరిగెత్తింది. ముక్కుగారు ఆత్రంగా పీల్చారు, కళ్ళు మూశారు, నోరు తెరిచారు. తుమ్మారు. పొగాకంతా వీధి పాలైంది. ఇంకోసారి తుమ్మారు. వారం రోజుల విరామానికి ముక్కు అలవాటు తప్పినట్టుంది. కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా ఆయన రెండు చేతులతో గాల్లో ఏవో గీతలు గీశారు. అది చుట్టమో గొడుగో బ్రహ్మకి కూడా తెలియదు.

అమ్మడు వెనక్కి వచ్చింది. నాన్న ఆమెకేసి చూస్తున్నారు. కార్యదర్శి వాచీ చూసుకుంటున్నాడు. ఆ కొట్లో పుట్టి పెరిగిన అమ్మడికి ఇన్నేళ్ళూ తెలిసింది ఒక్కటే వాసన, కొట్టు వాసన. ఆమె చిటికెడు తీసుకుని కళ్ళు మూసుకుంది. ముందు ఏమీ లేదు. తర్వాత ద్రాక్ష వచ్చింది. దాని వెనక చెక్క బీరువా. దాని వెనక ఇంకేదో, ఇంట్లో ఎప్పుడూ తగిలేదే, ఏమిటది, ఏమిటది...

"నాన్నా!" అని అరిచింది అమ్మడు, బస్సు స్టాపులో జనం వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా. "ఇస్త్రీ పెట్టె చొక్కా మీద వదిలేసి అమ్మ పక్కింటావిడతో మాట్లాడుతోంది!"

కార్యదర్శి అమ్మడి వైపు ఒకసారి, అద్దానికి అతుక్కున్న మొహం వైపు ఒకసారి చూశాడు. ఈ వీధిలో నీళ్ళలోనే ఏదో ఉందనుకుని ఉంటాడు. నాన్న మాత్రం తల వంచి, నల్లాకు మూడు చిటికెలు తీసి, తియ్యటాకు గుప్పెడు చేర్చి కలిపారు.

"ఇప్పుడో?"

అమ్మడు మళ్ళీ పీల్చింది. "అమ్మ లోపలికొచ్చింది. ప్లగ్గు తీసింది. చొక్కా వెచ్చగా ఉంది, కాల్లేదు."

ఆవిరి పట్టడం, నొక్కడం, ఆరబెట్టడం అయ్యేసరికి రెండయింది. కార్యదర్శి పైపు నింపుకుని, వెలిగించి, గుక్క పీల్చాడు. ఇంకో గుక్క పీల్చాడు. మూడో గుక్కకి మీసం హాజరు పట్టీలోంచి ఒక్కో వెంట్రుకా సెలవు తీసుకుని సడలింది.

"మా అమ్మ కూడా అలాగే వదిలేసేది ఇస్త్రీ పెట్టె," అన్నాడు మెల్లిగా. తర్వాత గొంతు సవరించుకుని ఒప్పందం కాగితం తీశాడు. ఆ సాయంత్రమే క్లబ్బులో పైపు పైకెత్తి, "ఇందులో ఇస్త్రీ చొక్కా వెచ్చదనం ఉంది, అందరికీ అంతుపట్టదు లెండి" అని తనే కనిపెట్టినట్టు చెప్పాడట. గొప్పవాళ్ళ ముక్కులు అలాగే తయారవుతాయి.

మర్నాడు శుక్రవారం నాలుగింటికి కొట్లో పళ్ళ డాక్టరూ ఇంకో ఇద్దరూ ఉన్నారు. ముక్కుగారు గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మడు లేచి నిలబడింది. స్టూలు కొంగుతో తుడిచి, "రండి బాబాయిగారూ, కూర్చోండి. కాఫీ తెమ్మంటారా?" అంది. ఇతరుల నోళ్ళు తెరిపించడమే వృత్తిగా ఉన్న డాక్టరు తన నోరే తెరిచేశాడు.

ముక్కుగారు బల్ల మీదికి వంగి పళ్ళ సందుల్లోంచి అన్నారు. "ఏమిటీ మర్యాద? కొంప ముంచుతావా? నువ్వు తిట్టకపోతే వీళ్ళు నా మాటలు శ్రద్ధగా వినడం మొదలుపెడతారు. వింటే మీ నాన్న గుట్టు నాలుగు రోజుల్లో బయటపడుతుంది. తిట్టు."

"నావల్ల కాదు బాబాయిగారూ."

"మూడేళ్ళుగా బాగానే అయిందిగా? కానీ అమ్మా. లోపల వాడు ఎదురుచూస్తున్నాడు."

అమ్మడు తెరకేసి చూసింది. నడుం మీద చేతులు పెట్టుకుని గొంతెత్తింది.

"దాపురించారా మళ్ళీ? పొద్దుగూకులూ మా జాడీల్లో తలదూర్చడం తప్ప ఇంట్లో పనేం లేదా? మీకు ముక్కుందని చెప్పినవాడికి కళ్ళున్నాయా అసలు? ఇంకోసారి గొడుగూ గాడిదగుడ్డూ అన్నారంటే, మిమ్మల్నే అచ్చులో వేసి నొక్కిస్తాను!"

కొట్టు హాయిగా నవ్వింది. డాక్టరు అమ్మయ్య అనుకుని నోరు మూసుకున్నాడు. ముక్కుగారు మొహం వెలిగిపోతుండగా మొదటి జాడీ మూత తీశారు, పదకొండూ పూర్తిచేశారు. అమ్మడు పదకొండింటికీ పదకొండు తిట్లు తిట్టింది. కన్నవాళ్ళనైనా ఆమె అంత ప్రేమగా ఎప్పుడూ పలకరించలేదు.

జనం వెళ్ళిపోయాక ముక్కుగారు పైపు జేబులో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగారు.

"మొదటి తిట్టులో రెండో వాక్యం కాస్త పలచగా వచ్చింది," అన్నారు. "రేపటికి దిద్దుకో."